గొట్టంలో మూడు దెబ్బలు

కాల్డర్ ఊళ్ళో నీళ్ళు రైలు కంపెనీవి. ఊరికి రెండు మైళ్ళ అవతల ఎడారిలో పుట్టే ఊట కంపెనీదే. అక్కణ్ణించి ఊళ్ళోకి వచ్చే చెక్క గొట్టం కంపెనీదే. ఇళ్ళలో కుళాయిలు కూడా కంపెనీవే. ముందు ఇంజన్లు తాగాలి. ఆ తర్వాత షెడ్డు, ఆ తర్వాత ఐసు ఫ్యాక్టరీ. మిగిలింది ఊరికి. పట్టాలకి అవతల రేకుల గుడిసెల్లో ఉండే మెక్సికో కూలీలకి ఆ మిగిలింది కూడా లేదు. వాళ్ళు పీపాలు దొర్లించుకుంటూ వచ్చి, ఇంజన్ల ట్యాంకు కింద కారే నీళ్ళు పట్టుకునేవాళ్ళు.

ఈ వ్యవహారమంతా చూసుకునే మనిషి లూథర్ పెన్‌రాడ్. ఊళ్ళో అతన్ని తిట్టుకోని వాళ్ళు లేరు. ఆ తిట్లు అతనికి తగిలేవి కావు. పోయిన జూలై నుంచీ అతనికి ఏదీ తగలడం లేదు. చలికాలంలో భార్య ఎడీలా పెట్టె సర్దుకుని, సముద్రం పక్కనున్న అక్కగారింటికి వెళ్ళిపోతే, స్టేషన్ దాకా ఆ పెట్టె తనే మోసుకెళ్ళి బండెక్కించాడు. ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నాడు. మరోసారి ఎండలో కాలిన ఇనప చక్రాన్ని పట్టుకుని, చర్మం కాలిన వాసన వచ్చాకగాని చెయ్యి తీయలేదు.

మళ్ళీ జూలై వచ్చింది. ఆ రోజు పొద్దున పది గంటలకే వీధిలో కుక్కలు అరుగుల కిందికి దూరిపోయాయి. కిటికీలకి కట్టిన గోనెపట్టాలు ఎండిపోయి బిరుసెక్కాయి. కాల్డర్‌లో ఎండాకాలమంతా కుళాయిలు తిప్పి వదిలేసి గోనెపట్టాలు తడుపుకుంటారు. చల్లదనానికి అదొక్కటే దారి. వద్దని లూథర్ ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు. వాళ్ళు అతని ముందు కట్టేసి, అతను మలుపు తిరగ్గానే మళ్ళీ తిప్పేవాళ్ళు.

భోజన హోటలు నడిపే మినర్వా టట్‌హిల్ అరుగు మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయ్యా పెన్‌రాడ్, మా కుళాయి దగ్గుతోంది. క్షయ గానీ పట్టిందేమో, వచ్చి చూసిపో."

"గొట్టంలో చెట్ల వేళ్ళు పడ్డాయండీ. ఊట దగ్గర నీళ్ళ తలుపు దించాను. తీయించాలి."

"తీసేదెవరు?"

లూథర్ కుళాయి వైపు చూశాడు.

"పోయినేడు తీసినవాడు ఉన్నాడుగా. ఏడీ?"

"పని మానేసి వెళ్ళిపోయాడని కంపెనీ రాసింది."

"కంపెనీ సంగతి నాకు చెప్పకు, కంపెనీ ఏమైనా రాస్తుంది. నువ్వేమంటావు?"

ఆవిడ నోరే అంత గాని మనసులో విషం లేదు. లూథర్ అలవాటు కొద్దీ వంగి, చుక్క కూడా రాని ఆ కుళాయిని బిగించి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. జేబులో కంపెనీ పంపిన తంతి కాగితం ఉంది. రెండున్నర గంటల రైలుబండికి నీళ్ళు ఉండి తీరాలని అందులో రాసి ఉంది.

తంతి లేకపోయినా తొందర తప్పదు. ఆ గొట్టం రెడ్‌వుడ్ పలకల్ని పీపాలా పేర్చి, చుట్టూ ఇనప తీగ బిగించి చేసింది. నీళ్ళున్నంత కాలం చెక్క ఉబ్బి ఒకదానికొకటి కరుచుకుని ఉంటుంది. ఈ ఎండల్లో ఒక్క పూట ఖాళీగా ఉంచితే చెక్క ముడుచుకుని సందులు పడిపోతాయి. ఆపైన ఎన్ని నీళ్ళు వదిలినా ఇసక తాగేస్తుంది. ఊరు నెల్లాళ్ళు దాహంతో చస్తుంది.

ఊట దగ్గర మొదలయ్యే గొట్టం నాలుగు వందల అడుగులు ఒక దిబ్బ కిందుగా పోయి, అవతల తేటనీళ్ళ తొట్టిలో తేలుతుంది. దిబ్బ నిండా మెస్కీట్ ముళ్ళచెట్లు. నీళ్ళ వాసన పసిగట్టి వాటి వేళ్ళు పలకల సందుల్లోంచి దూరతాయి. ఏడాదికోసారి ఒక మనిషి గొట్టంలోకి పాకి, వాటిని కోసి, అవతలి కొసన బయటికి రావాలి. ఊట దగ్గర తలుపుని ఎత్తీ దించే చక్రం పట్టుకున్నవాడికి దిబ్బ అడ్డం, అవతలి కొస కనపడదు. అందుకని సుత్తి దెబ్బలే మాట. చెక్క మీద ఒక దెబ్బ కొడితే బాగానే ఉన్నానని. రెండు కొడితే ఆపదలో ఉన్నానని. మూడు కొడితే బయటికొచ్చేశాను, నీళ్ళు వదలమని.

పోయిన జూలైలో లోపలికి వెళ్ళినవాడు సిరిలో అనే మెక్సికో కుర్రాడు. ఇరవయ్యేళ్ళు, నవ్వు మొహం. చక్రం దగ్గర లూథర్. అతనికి మూడు దెబ్బలు వినిపించాయి. చక్రం తిప్పాడు. దిబ్బ దాటి తొట్టి దగ్గరికి వెళ్తే అక్కడ సిరిలో లేడు. తొట్టికి అడ్డంగా ఉన్న ఇనప జల్లెడ దగ్గరికి రోజంతా నీళ్ళూ ఆకులూ వచ్చాయిగాని మనిషి రాలేదు. మర్నాడు తలుపు దింపి రెండు కొసలనుంచీ దీపాలు పెట్టి చూశారు. గొట్టం ఈ కొసనుంచి ఆ కొస దాకా ఖాళీ. శవం లేదు కాబట్టి చావు లేదని కంపెనీ తేల్చేసింది. మూడు దెబ్బలు విన్నానని లూథర్ అందరికీ చెప్పాడు. బండి వేళయిందని తొందరపడి తిప్పేశాడని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళకి అతనికీ అలాగే అనిపించడం మొదలైంది. నిజంగా విన్నాడా, వినాలనుకున్నాడా? దానికి జవాబు చెప్పగలవాడు లేకుండా పోయాడు.

సిరిలో అన్న ఎవారిస్తో ఇప్పటికీ కంపెనీ పనిలోనే ఉన్నాడు. ఆ పనిలో ఉంటే రోజుకో పీపా నీళ్ళు ఇంటికి తీసుకెళ్ళనిస్తారు. ఇంట్లో ముసలి తల్లి ఉంది.

పన్నెండు దాటాక లూథర్ కంచరగాడిదల బండి తోలుకుని ఊట దగ్గరికి వెళ్ళేసరికి ఎవారిస్తో చక్రం పక్కన బండ మీద కూర్చుని ఉన్నాడు. మడుగు నిండా నీళ్ళు. తలుపుకి ఇవతల, గొట్టం మొదలయ్యే రాతి గొయ్యి పొడిగా ఉంది. గొయ్యి గోడలో గొట్టం నోరు. రెండున్నర అడుగుల గుండ్రటి చీకటి. అందులోంచి తడి చెక్క వాసన, కుళ్ళిన ఆకుల వాసన కొడుతున్నాయి. గాలి లేదు. ఒక్క పిట్ట కూడా అరవడం లేదు.

"దొరా, నేను దిగను," అన్నాడు ఎవారిస్తో, అడక్కముందే.

"ఊళ్ళో ఎవడూ దిగనంటున్నాడు."

"ఎందుకు దిగుతారు? మా అమ్మకి నేనొక్కణ్ణే మిగిలాను. మీరు దిగండి."

"నేనా?"

"మూడు దెబ్బలు విన్నది మీరేగా. మీ చెవి మంచిది." అతని గొంతులో కోపం లేదు. అదే లూథర్‌కి కొత్తగా ఉంది. "చక్రం నేను పట్టుకుంటాను. మూడు వింటే వదుల్తాను. వినకపోతే ఎన్ని బండ్లు వచ్చినా వదలను."

లూథర్ అతని మొహంలోకి చూశాడు. ఆ మాటకి అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. లోపల లూథర్ ఉండగా ఎవారిస్తో ఆ తలుపు ఎత్తేసి, మూడు విన్నానంటే కాదనేవాడు లేడు. అదే మాట పోయినేడు లూథర్ అన్నాడు, కంపెనీ ఒప్పుకుంది.

"సరే," అన్నాడు లూథర్. భయం వేస్తుందేమోనని కాసేపు ఆగి చూశాడు. వేయలేదు. చొక్కా విప్పి బండ మీద పెట్టాడు. రంపం నడుముకి కట్టుకుని, సుత్తి చేత్తో పట్టుకుని, నుదుటికి కార్బైడ్ దీపం తగిలించుకుని గొయ్యిలోకి దిగాడు.

లోపల చల్లగా ఉండాలి. ఉందో లేదో అతనికి తెలియలేదు. మోచేతుల మీద పాకుతున్నాడు. పలకల మీద జారుడు పాచి. వీపు పై పలకలకి రాసుకుంటోంది. తన ఊపిరి తనకే ముందునుంచి వచ్చి వినపడుతోంది. యాభై అడుగులు వెళ్ళాక వెనకున్న వెలుతురు చిల్లు చిన్న నాణెం అంత అయింది. వంద దగ్గర గొట్టం కొంచెం వంగుతుంది. ఆ వంపు దాటాక అదీ పోయింది.

ఆగి, సుత్తితో చెక్క మీద ఒకసారి కొట్టాడు. టక్.

వెనక చాలా దూరం నుంచి ఎవారిస్తో ఒకసారి కొట్టాడు. టక్.

వేళ్ళ కట్ట రెండు వందల అడుగుల దగ్గర ఉంటుందని లెక్క. ఎప్పుడూ అక్కడే పడుతుంది. లూథర్ పాకుతూ వెళ్ళాడు. దీపం వెలుగులో మొదట ఏదో తెల్లగా కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూశాడు. వేళ్ళే. కాని అడ్డంగా లేవు. కోసేసి ఉన్నాయి. కోసిన ముక్కలు గొట్టం పక్కకి ఒద్దికగా పేర్చి ఉన్నాయి. పై పలక సందులోంచి వేలాడే మొదళ్ళ దగ్గర కోత ఇంకా తెల్లగా ఉంది. వేలితో ముట్టుకుంటే జిగురు అంటుకుంది.

ఇప్పుడే కోస్తే కారే జిగురు.

పొద్దున ఎనిమిదింటికి తలుపు దించింది లూథరే. అప్పటినుంచి ఎవారిస్తో తప్ప ఇంకెవరూ ఇటు రాలేదు. ఎవారిస్తో దిగనన్నాడు. అబద్ధం ఎందుకాడతాడు? లూథర్ ఆలోచించడానికి ప్రయత్నించాడు. ఆలోచన ముందుకి పోలేదు. రంపం వాడాల్సిన పనే లేకపోయింది.

సుత్తి ఎత్తి ఒకసారి కొట్టాడు. బాగానే ఉన్నాను.

జవాబు వచ్చింది. టక్.

కాని అది వెనకనుంచి రాలేదు... ముందునుంచి వచ్చింది.

దీపం మంట సన్నగా ఊగి చిన్నదైంది. కార్బైడ్ వాసన ముక్కుకి ఎక్కింది. దీపం ఆరిపోయింది. చీకటి కళ్ళకి ఆనించి పెట్టినట్టు ఉంది. ఆ చీకట్లో ముందుకి చూస్తూ లూథర్ కదలకుండా పడుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. ఎక్కడో పాచి మీద చుక్క పడుతున్న శబ్దం.

టక్.

తాపీగా కొట్టిన దెబ్బ. పనైపోయాక సామాను సర్దుకుంటూ కొట్టినట్టు.

టక్.

అప్పుడు లూథర్‌కి తెలిసింది. పోయినేడు తను విన్నది ఇదే. తను తొందరపడలేదు. ఊహించుకోలేదు. ఇవే దెబ్బలు, ఇదే తాపీ. ఏడాది పాటు గుండెల మీద మోసిన బండ దిగిపోవాలి. దిగలేదు. దానికి బదులు సన్నగా ఇంకేదో మొదలైంది. భయం అది. ఇన్నాళ్ళకి వచ్చింది. తనకి చావాలని లేదు... మూడోది కొడితే నీళ్ళొస్తాయి.

"వద్దు," అన్నాడు చీకట్లోకి, నెమ్మదిగా. "సిరిలో, వద్దు."

టక్.

లూథర్ సుత్తి ఎత్తి కొట్టాడు. నాలుగు. మళ్ళీ కొట్టాడు. అయిదు. మూడు కాకూడదు, అంతే. ఆరు, ఏడు, ఎనిమిది... చెక్క పేళ్ళు లేచి మొహానికి తగిలేదాకా కొట్టాడు. సుత్తి చేతిలోంచి జారిపోయింది. తడుముకున్నాడు. దొరకలేదు.

చెవి పలకకి ఆనించి విన్నాడు. నీళ్ళు వస్తే ముందు గాలి వస్తుంది. తర్వాత ఉరుము. ఆ తర్వాత వినడానికేమీ ఉండదు.

గాలి రాలేదు. అతను పాకాడు. ఇక ముందుకే. ఎంతసేపు పాకాడో, ఆ చీకట్లో ఎవరి పక్కనుంచి దాటి వచ్చాడో గుర్తులేదు. ఒకచోట గొట్టం ఇరుకైనట్టు, భుజానికి భుజం రాసుకుంటూ దూరినట్టు మాత్రం లీలగా గుర్తుంది. ఆ తర్వాత బూడిద రంగు వెలుతురు. ఆ తర్వాత తేటనీళ్ళ తొట్టి, ఇనప మెట్లు, ఆకాశం.

పైకెక్కి నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం దాటింది. ఇసకలోంచి ఆవిరి లేస్తోంది. ఒంటి మీద చొక్కా లేదు. ఎండ చురుక్కుమనలేదు.

దిబ్బ ఎక్కి అవతలికి దిగాడు. ముళ్ళకంపల మధ్యనుంచి నడిచాడు. ఎవారిస్తో చక్రం పక్కనే నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చక్రం మీద. అలికిడికి తల తిప్పి లూథర్‌ని చూశాడు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది.

"మూడు వినిపించాయి దొరా," అన్నాడు.

"ఎప్పుడు?"

"మీరు లోపలికెళ్ళిన పావుగంటకి. మూడు విన్నాను. తిప్పేశాను. ఆలోచించలేదు." నోరు తుడుచుకున్నాడు. "మీరు కూడా ఆలోచించి ఉండరు. ఏడాది నుంచి మీరు అబద్ధం చెప్పారనుకున్నాను. మా అమ్మకి కూడా అదే చెప్పాను. తప్పయిపోయింది."

"నేను చాలాసార్లు కొట్టాను. ఇరవై సార్లు కొట్టి ఉంటాను."

"నాకు మూడే వినిపించాయి."

ఏడాదిగా లూథర్ వినాలనుకున్న మాట అదే. నువ్వు చెప్పింది నిజమని ఒక్కరంటే చాలనుకున్నాడు. అన్నారు. అతనికి ఏమీ అనిపించలేదు. గొట్టంలో వచ్చిన ఆ భయం కూడా లేదు.

"తిప్పేశానన్నావు," అన్నాడు. "మరి నీళ్ళేవీ?"

ఎవారిస్తో గొయ్యి వైపు చూపించాడు.

తలుపు పూర్తిగా పైకి లేచి ఉంది. దాని వెనక మడుగు నిండుగా ఉంది. తలుపు ఉండాల్సిన చోట నీళ్ళు నిలువునా ఆగి నిలబడ్డాయి. ఇటు గొయ్యిలోకి చుక్క పడలేదు. మధ్యలో అడ్డం ఏమీ లేదు. నీళ్ళలో ఒక ఎండుటాకు, సగం ఇటు పొడుచుకుని వచ్చి, అలాగే ఉండిపోయింది.

"తిప్పినప్పటినుంచీ ఇంతే," అన్నాడు ఎవారిస్తో గొంతు తగ్గించి. "లోపల మీరుండబట్టి ఆగాయనుకున్నాను. దేవుడు దయతలిచాడనుకున్నాను."

"సిరిలో లోపలున్నప్పుడు ఆగలేదుగా."

"ఆగలేదు."

"నేను బయటికొచ్చేశాను. ఇంకా ఎందుకు ఆగాయి?"

ఎవారిస్తో చక్రం మీదనుంచి చేతులు తీశాడు. లూథర్‌ని చూస్తున్నాడు. మోచేతులు చూశాడు. మోకాళ్ళు చూశాడు. నాలుగు వందల అడుగులు పాచిలో పాకి వచ్చిన మనిషి మోచేతుల మీద మరక లేదు. గీత లేదు. పాంటు దుమ్ము కూడా అంటకుండా పొద్దున ఇస్త్రీ చేసినట్టే ఉంది.

దూరంగా, కొండల మలుపు దగ్గర, రెండున్నర బండి కూత వేసింది. నీళ్ళు కావాలని వేసే పొడుగు కూత.

ఎవారిస్తో ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. లూథర్ మీదనుంచి చూపు తీయకుండానే గొయ్యి గట్టు తడుముకుని లోపలికి దిగాడు. నిలబడ్డ నీళ్ళకి వీపు పెట్టి గొట్టం నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు లూథర్.

అతను విననట్టే ఉన్నాడు. గొట్టంలోకి తల పెట్టి పిలిచాడు.

"దొరా... పెన్‌రాడ్ దొరా..."

"ఇక్కడున్నాను," అన్నాడు లూథర్ గట్టు మీదనుంచి.

ఎవారిస్తో చెవి పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు. అతని మొహం ఒక్కసారిగా మారిపోయింది. వీపు వెనకున్న నీళ్ళని ఒకసారి చూసి మళ్ళీ లోపలికి వంగాడు.

"ఆఁ, ఇక్కడే ఉన్నాను. కంగారు పడకండి," అన్నాడు, పసిపిల్లకి చెప్పినంత మెల్లగా. "రెండు దెబ్బలూ విన్నాను దొరా, ఇప్పుడే విన్నాను. మా తమ్ముణ్ణి వదిలేయండి. మీరు రండి. చెయ్యివ్వండి."

కుడిచెయ్యి భుజం దాకా చీకట్లోకి చాచాడు.

లూథర్ వంగి తన కుడిచేతిని చూసుకున్నాడు. అది ఎండలో ఊరికే వేలాడుతోంది. దాని మణికట్టుని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చెమట పట్టిన అరచెయ్యి, బిగిసిన వేళ్ళు, ఒక్కొక్కటీ తెలుస్తోంది. ఆ వెంటనే చీలమండ దగ్గర, చల్లగా, ఇంకో చెయ్యి పట్టుకుంది.

ఎవారిస్తో వెనక ఎండుటాకు కదిలి, గొయ్యిలో పడింది.